సామాను కదిలే రోజుకు నిర్ణయాలు మిగల్చకండి

ప్రశ్న: మేము ఒంగోలులో మంగమూరు రోడ్డు వైపు మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మావారికి నెల్లూరుకు బదిలీ అయింది. అక్కడ మాగుంట లేఅవుట్ వైపు రెండో అంతస్తులో ఇల్లు కుదిరింది. లిఫ్టు లేదు. మే నెలాఖరులో బుధవారం ఉదయం 9 గంటల 20 నిమిషాలకు పాలు పొంగించుకోమని పురోహితుడు ముహూర్తం పెట్టారు. అదే రోజు సామాను కూడా చేర్చేయాలని మావారి ఆలోచన. ఆయనకు బుధ, గురువారాలే సెలవు. శుక్రవారం కొత్త ఆఫీసులో చేరాలి. రాత్రి 8 దాటాక మెట్ల మీద సామాను మోయించవద్దని కొత్త ఇంటి యజమాని ముందే చెప్పారు. మూడేళ్ల కిందట లాయరుపేట నుంచి ఈ ఇంటికి మారినప్పుడు ఊళ్లోనే అయినా ఉదయం 9 గంటలకు మొదలైన పని అర్ధరాత్రికి తెమిలింది. నేను బీరువా ఖాళీ చేసేదాకా హమాలీలు కూర్చున్నారు, మంచాలు విప్పే పానా కనబడలేదు, పొయ్యి ఏ పెట్టెలో ఉందో తెలియక పిల్లలకు రాత్రి 10 దాకా అన్నం పెట్టలేకపోయాను. ఇంట్లో అత్తగారు, పదో తరగతిలోకి వచ్చిన అబ్బాయి, ఆరేళ్ల పాప ఉన్నారు. అత్తగారికి రాహుకాలం పట్టింపు ఎక్కువ. మా ఆడబిడ్డ వాళ్లు నెల్లూరులోనే వేదాయపాలెంలో ఉంటారు, మా తమ్ముడు ఒంగోలులో ఉన్నాడు. ఒక్క రోజులో ఇదంతా ఎలా చేయగలం? ప్యాకర్లకు అప్పగించడం మేలా? ఆ రాత్రికే ఇల్లంతా సర్దుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీరు వేసుకున్న ప్రణాళికలో ఒక్క భాగం మాత్రం ఎంత కష్టపడినా జరిగేది కాదు. బుధవారం ఉదయం 9 గంటల 20 నిమిషాలకు మీ దంపతులిద్దరూ నెల్లూరులో పీటల మీద ఉంటే, అదే వేళకు 120 కిలోమీటర్ల ఇవతల ఒంగోలులో లారీకి సామాను ఎక్కించేవారి పక్కన నిలబడేదెవరు? పాలు పొంగించి బయలుదేరి వచ్చి, మధ్యాహ్నం లోడు మొదలుపెట్టి, రాత్రి 8 లోపల రెండో అంతస్తుకు చేర్చడం అసాధ్యం. పోనీ మీ తమ్ముడిమీద వదిలేసి వెళ్దామంటే, ఏ వస్తువు తీసుకోవాలో, ఏది వదలాలో, ఏది ముందు ఎక్కాలో తెలియక ఆయన నిమిషానికొకసారి మీకు ఫోను చేస్తూనే ఉండాలి, మీరు పూజ మధ్యలో జవాబు చెబుతూనే ఉండాలి. కాబట్టి ముందుగా పాల ముహూర్తాన్నీ సామాను ప్రయాణాన్నీ విడదీయండి. ఈ ఒక్కటి కుదిరితే తక్కినవన్నీ కుదురుతాయి.

బుధవారానికి ముందు వచ్చే ఆదివారం ఉదయం అనుకూలమైన సమయం ఉందేమో మీ పురోహితుణ్ణి అడగండి. ఆ రోజు మీ వారికి ఎలాగూ సెలవే. ముందు పాలు పొంగించి దీపం వెలిగించి, సామాను తరువాత వీలైన రోజున చేర్చుకునే పద్ధతి చాలా కుటుంబాల్లో ఉన్నదే కనుక మీ అత్తగారు కూడా అభ్యంతరం చెప్పరనుకుంటాను. దీపం పెట్టిన ఇంట్లో ఆ రాత్రి ఎవరో ఒకరు నిద్ర చేయాలని ఆమె అంటే, ఆమే తన కూతురితో కలిసి అక్కడ పడుకోవచ్చు. రెండు చాపలు, రెండు దుప్పట్లు, మంచినీళ్ల క్యాను ఉంటే చాలు. ఆదివారం ఏ ముహూర్తమూ కుదరకపోతే బుధవారపు ముహూర్తాన్ని అలాగే ఉంచి, సామానును గురువారానికి జరపండి. గురువారం దక్షిణ దిక్కుకు వారశూల అని మీ అత్తగారు గుర్తు చేయవచ్చు. నెల్లూరు మీకు దక్షిణమే. అందుకనే నా మొగ్గు ఆదివారం వైపు. పైగా అలా చేస్తే గురువారం మొత్తం కొత్త ఇల్లు అమర్చుకోవడానికి మిగులుతుంది, మీ వారు శుక్రవారం ఆఫీసుకు అలసిపోయి వెళ్లనక్కరలేదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆదివారం పాలు, బుధవారం సామాను అన్న లెక్క మీదే చెబుతున్నాను.

మీ ఉత్తరంలో మూడేళ్ల కిందటి అనుభవాన్ని మీరు రాసిన తీరు నాకు చాలా ఉపయోగపడింది. ఆ రోజు పొద్దంతా ఎక్కడ పోయిందో మీరే చెప్పారు: బీరువా ఖాళీ కాకపోవడం, పానా కనబడకపోవడం, పొయ్యి ఎక్కడుందో తెలియకపోవడం. ఇందులో బరువు మోయడానికి పట్టిన కాలం ఏదీ లేదు. అంతా ఒకరు తేల్చి చెప్పేదాకా మరొకరు నిలబడిన కాలమే. నలుగురు మనుషులు ‘ఇది ఎక్కడ పెట్టమంటారమ్మా’ అని అడిగి పావుగంట నిలబడితే, పోయింది ఒక పావుగంట కాదు, నలుగురివీ కలిపి గంట. అందుచేత సామాను కదిలే రోజున ఎత్తడం, దించడం తప్ప ఏ ఆలోచనా చేయవలసిన అవసరం మీకు రాకూడదు. ఏది ఎక్కడికి, ఏది ఎవరికి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న ప్రతి ప్రశ్నకూ జవాబు మంగళవారం రాత్రి నిద్రపోయేలోగా తేలిపోయి ఉండాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఇల్లు మారిన రోజు పడే శ్రమలో ఎక్కువ భాగం ఆడవాళ్ల నెత్తినే పడుతుంది, అందరి ప్రశ్నలూ చివరికి వాళ్ల దగ్గరికే వస్తాయి.

ఆదివారం నెల్లూరు వెళ్లినప్పుడు పాలు పొంగించడంతో పాటు ఆ ఇంటిని కళ్లారా కొలుచుకుని రండి. మెట్ల మలుపు దగ్గర వెడల్పు ఎంతో, తలుపుల వెడల్పు ఎంతో టేపుతో చూసి రాసుకోండి. బీరువా, ఫ్రిజ్జు, పెద్ద మంచం పలక ఆ మలుపు తిరుగుతాయా లేదా అన్నది అక్కడే తేలాలి. తిరగని వస్తువు ఉంటే దాన్ని ఒంగోలులోనే అమ్మేయడమో, పిట్టగోడ మీదుగా తాళ్లతో పైకి లాగడానికి మనుషులను మాట్లాడుకోవడమో ముందే నిర్ణయించుకోవచ్చు. ప్లగ్గు పాయింట్లు ఏ గోడకు ఉన్నాయో చూసి, ఫ్రిజ్జు చోటు, మంచాల చోటు, బీరువా చోటు నేల మీద సుద్దముక్కతో గీసి రండి. చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు గానీ, బుధవారం సాయంత్రం హమాలీ బీరువా వీపున వేసుకుని గదిలోకి వచ్చినప్పుడు ఆ గీత ఉన్న చోట దించేసి వెళ్లిపోతాడు. గీత లేకపోతే బరువుతో నిలబడి మీ ముఖం వైపు చూస్తాడు. కుళాయిలు, ఫ్లష్, గీజరు, ఫ్యాన్లు ఒక్కొక్కటిగా తిప్పి చూసి, పనిచేయనివి ఆ రోజే యజమానికి చెబితే బుధవారంలోగా బాగు చేయించే వ్యవధి ఆయనకూ ఉంటుంది.

సందులోకి ఎంత బండి వస్తుందో చూడటం మరీ ముఖ్యం. నెల్లూరును రైలు మార్గం నిలువునా చీలుస్తుంది. రామలింగాపురం, మాగుంట లేఅవుట్ వైపు రైలు వంతెనల కింది దారుల ఎత్తు తక్కువ. ఎత్తుగా కట్టిన లారీ వాటి కింద పట్టదు. ఒంగోలు డ్రైవరుకు ఈ సంగతి తెలియకపోవచ్చు, ఫోనులోని పటం చూపించిన దగ్గర దారినే నమ్ముకుని వంతెన దాకా వచ్చి, వెనక్కి తిప్పుకోవడానికి అవస్థ పడతాడు. మీ ఆడబిడ్డ భర్త, అంటే మీకు అన్నయ్య వరుసయ్యే ఆయన, ఊరి మనిషి కాబట్టి పెద్ద బండి ఏ దారిన రావాలో, పగటి వేళ పెద్ద లారీలను లోపలికి ఎప్పుడు రానిస్తారో కనుక్కుని డ్రైవరుకు ముందు రోజే ఫోనులో చెప్పమనండి. బుధవారం లారీ నగరం దగ్గరికి రాగానే ఆయన బైకు మీద ఎదురువెళ్లి దారి చూపిస్తే ఇంకా మంచిది.

సామాను దించే మనుషులను కూడా ఆయన ద్వారా నెల్లూరులోనే మాట్లాడించండి. ఒంగోలులో ఎక్కించిన ముఠానే లారీలో కూర్చోబెట్టి తీసుకువెళ్తే కూలి కలిసివస్తుందని అనిపిస్తుంది, కానీ పొద్దున నాలుగు గంటలు బరువులెత్తి, మూడు గంటలు ఎండలో ప్రయాణం చేసి, మళ్లీ రెండో అంతస్తుకు మోయడం అంటే మనుషులకు సాధ్యమైన పని కాదు. వాళ్లు నెమ్మదిస్తారు, వస్తువులు చేతులు జారతాయి. కూలి మాట్లాడేటప్పుడు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, బీరువా ఇన్ని, మంచాలు ఇన్ని, మంచాలు బిగించడం కూడా మీదే అని ముందుగా స్పష్టంగా చెప్పాలి. సగం సామాను దిగాక మెట్ల దగ్గర మొదలయ్యే బేరం అరగంట తినేస్తుంది, పైగా మంచి రోజున మాటా మాటా వస్తుంది. లారీ కిరాయి, ఎక్కించే కూలి, దించే కూలి, టోలు ఎవరిదో తేల్చుకుని, ఎవరి డబ్బు వాళ్ల పేరు రాసిన కవరులో విడిగా పెట్టుకోండి. మే నెలలో పెళ్లిళ్ల రద్దీ ఉంటుంది కనుక లారీనీ మనుషులనూ కనీసం వారం ముందు ఖాయం చేసుకుని, మంగళవారం సాయంత్రం మరోసారి గుర్తు చేయండి.

ఇక బుధవారపు గంటల లెక్క. దీన్ని పొద్దున నుంచి సాయంత్రానికి కాకుండా, సాయంత్రం నుంచి పొద్దునకు వేసుకోవాలి. మీ యజమాని పెట్టిన గడువు రాత్రి 8 గంటలు. మే నెలాఖరులో సాయంత్రం 6 గంటల 30 నిమిషాల ప్రాంతానికి పొద్దుపోతుంది. వెలుతురు ఉండగానే పెద్ద వస్తువులు మెట్లెక్కాలి. నలుగురు మనుషులతో రెండు పడకగదుల ఇంటి సామాను రెండో అంతస్తుకు చేరడానికి రెండున్నర నుంచి మూడు గంటలు పట్టవచ్చు. అంటే 3 గంటల 30 నిమిషాలకు దించడం మొదలు కావాలి. ఒంగోలు నుంచి నెల్లూరుకు జాతీయ రహదారి 16 మీద కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణమే అయినా, లోడుతో ఉన్న లారీకి టంగుటూరు, ముసునూరు టోలు గేట్లు, డ్రైవరు భోజనం కలుపుకుని మూడు గంటలు వేసుకోవాలి. నగరంలో చుట్టుదారికి మరో అరగంట. కాబట్టి లారీ ఒంగోలులో మధ్యాహ్నం 12 లోపల కదిలి తీరాలి.

ఇక్కడ మీ అత్తగారి పట్టింపు మీకు సాయమే చేస్తుంది. బుధవారం రాహుకాలం 12 నుంచి 1 గంట 30 నిమిషాల దాకా. ఆమె మాటను అడ్డంకిగా కాక గడువుగా తీసుకోండి: 11 గంటల 30 నిమిషాలకల్లా తాడు కట్టడం పూర్తయి బండి కదలాలి. మొదటి అంతస్తు నుంచి సామాను దించి లారీలో పేర్చడానికి నాలుగు గంటలు అనుకుంటే ఉదయం 6 గంటల 30 నిమిషాలకు మొదలుపెట్టాలి, అప్పుడు మీ చేతిలో ఒక గంట అదనంగా ఉంటుంది. ఆ గంటను దేనికీ కేటాయించకండి, అది ఆలస్యాల కోసం. ఒకవేళ ఎంత చేసినా 12 దాటిపోతే, కంగారుపడి రాహుకాలంలో బయలుదేరదీసి పెద్దావిడను బాధపెట్టడం కన్నా, అందరికీ నీడలో భోజనాలు పెట్టించి 1 గంట 30 నిమిషాలకు బండిని కదిలించండి; సాయంత్రం 5 గంటలకు చేరి, మరో ఇద్దరు మనుషులను అదనంగా పెట్టుకుంటే 8 లోపల పని ముగించవచ్చు. అంతకు మించి ఆలస్యమైతే మాత్రం లారీని ఆ రాత్రి ఆపి, గురువారం తెల్లవారుజామున దించుకోవడమే న్యాయం. అందుకోసం లారీ యజమానితో రాత్రి నిలుపుదలకు ఎంత అడుగుతారో ముందే మాట్లాడి ఉంచుకోండి.

ఉదయాన్నే మొదలుపెట్టమనడానికి ఎండ కూడా కారణం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా మోత పని చేయించడం మనిషికి ప్రమాదం. ఎక్కించేవారికి, దించేవారికి మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం, చల్లటి నీళ్లు మీ చేతికి అందే చోట పెట్టుకోండి. కూలి ఇస్తున్నాము కదా అని ఈ ఒక్కటి మరవకండి.

మంగళవారం సాయంత్రానికి మీ ఒంగోలు ఇల్లు ఎలా కనబడాలో చెబుతాను. బీరువాలు పూర్తిగా ఖాళీ అయి, బట్టలు పెట్టెల్లోనో పాత దుప్పట్ల మూటల్లోనో ఉండాలి. మంచాలు విప్పి, ఆ నట్లూ బోల్టులూ ఒక గుడ్డ సంచిలో వేసి ఆ మంచం కోడుకే కట్టేయాలి. ఆ రాత్రి అందరూ నేల మీద పరుపులు వేసుకుని పడుకుంటారు. పానా, స్క్రూడ్రైవరు పెట్టెల్లోకి పోకూడదు, మీ వారి భుజాన ఉండే సంచిలోకి పోవాలి. ఫ్రిజ్జును సోమవారం రాత్రికి ఖాళీ చేసి మంగళవారం ఉదయం ఆపి, తలుపు తెరిచి ఆరనివ్వండి. ఏసీ ఉంటే మెకానిక్కును మంగళవారమే పిలవాలి. గ్యాసును బయటి యూనిట్లోకి లాగి బంధించి, రాగి గొట్టాల మూతులు మూయడానికి గంటకు పైగా పడుతుంది. బుధవారం ఉదయం ఆయన రాక కోసం లారీని నిలబెట్టడం మీకు నష్టం. ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషిన్ అయితే కొన్నప్పుడు వెనకవైపు విప్పి ఇచ్చిన బోల్టులను మళ్లీ బిగించకపోతే దారిలో డ్రమ్ము దెబ్బతింటుంది; అవి ఎక్కడ దాచారో ఇప్పుడే వెతకండి. ఇన్వర్టరు బ్యాటరీ నిలువుగానే ప్రయాణించాలి, దాని మీద ఏ బరువూ పెట్టనివ్వకండి.

పెట్టెల మీద ‘సామాను’ అని రాయడం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి పెట్టెకూ ఒక అంకె, కొత్త ఇంట్లో అది చేరవలసిన గది పేరు రెండు పక్కలా పెద్ద అక్షరాలతో రాసి, ఏ అంకెలో ఏముందో ఒక నోటుపుస్తకంలో వేసుకోండి. ఈ పుస్తకాన్ని మీ అబ్బాయికి అప్పగించండి. లారీ దగ్గర నిలబడి ఎక్కిన ప్రతి అంకెకూ గుర్తు పెట్టడం, నెల్లూరులో దిగిన ప్రతి అంకెకూ రెండో గుర్తు పెట్టడం అతని పని. పదో తరగతిలోకి వచ్చిన పిల్లవాడు ఇంత బాధ్యత చక్కగా నిర్వహించగలడు, మీకూ ఆ దిగులు తప్పుతుంది. అతని పాఠ్యపుస్తకాలు, సర్టిఫికెట్లు మాత్రం లారీలో వేయకుండా అతని సంచిలోనే ఉంచండి.

వంటింటి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పోయినసారి మిమ్మల్ని బాగా కలచివేసింది అదే. గ్యాసు కనెక్షను ఊరు మారుతోంది కనుక, సోమవారమే కనెక్షను కాగితాలు, గ్యాసు పుస్తకం తీసుకుని మీ ఒంగోలు ఏజెన్సీకి వెళ్లి సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్టు వెనక్కి తీసుకుని, బదిలీ పత్రం రాయించుకోండి. దానిని నెల్లూరులో మీ వీధికి వచ్చే ఏజెన్సీలో చూపి డిపాజిట్టు కడితే కొత్త సిలిండరు ఇస్తారు. నిండు సిలిండరును సామాను మధ్య లారీలో వేసుకుపోవడం, అందులోనూ ఈ ఎండల్లో, ఎవరు ధైర్యం చెప్పినా ఒప్పుకోకండి. అంటే సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం దాకా ఇంట్లో గ్యాసు ఉండదు. మంగళవారం వరకు కరెంటు పొయ్యి మీద అన్నం, కుక్కరులో పప్పు అవుతాయి. బుధవారం ఉదయం వంట పెట్టుకోకండి. మనుషులందరికీ ఇడ్లీలు బయటి నుంచి తెప్పించి, దారిలోకి పులిహోర, దద్దోజనం మీ తమ్ముడి ఇంట్లో చేయించండి. రాత్రి భోజనం ఆడబిడ్డగారి ఇంటి నుంచి క్యారియరులో వస్తే మీరు మొహమాటపడవద్దు. ఆదివారం పాలు పొంగించడానికి కూడా ఆమె దగ్గర చిన్న పొయ్యి ఇప్పించుకోండి.

ఇది మే నెల, మీ ఇంట్లో కొత్త ఆవకాయ ఇంకా జాడీల్లో ఊరుతూ ఉండి ఉంటుంది. నిండు జాడీ లారీలో వేస్తే కుదుపులకు నూనె పైకి తన్ని పక్కనున్న బట్టల మూటలన్నీ పాడవుతాయి, జాడీ పగిలితే ఏడాది పచ్చడి పోయినట్టే. మూడు వంతులకు మించకుండా గట్టి మూతల డబ్బాల్లోకి సర్ది, పైన నూనె తేలేటట్టు చూసి, మూతికి గుడ్డ కట్టి, ఆదివారమే కారులో కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్లి కొత్త ఇంట్లో ఉంచిరండి. ఖాళీ జాడీలు చీరల మధ్య చుట్టి లారీలో పంపవచ్చు. బియ్యం బస్తాలు ఇప్పుడు కొనకండి. నెల్లూరులో మీకు దొరకనిది బియ్యం కాదు. పూలకుండీలను కూడా ఇరుగుపొరుగుకు ఇచ్చేయండి. మూడు గంటలు ఆ ఎండలో లారీ పైన నిలబడిన మొక్క బతకడం అరుదు.

అత్తగారినీ పాపనూ ఆదివారమే నెల్లూరులో దింపి రావాలని నా సలహా. ఎక్కించే వేళ ఆరేళ్ల పిల్ల కాళ్లకూ చేతులకూ అడ్డంపడితే మీ మనసు పని మీద నిలవదు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టినట్టు కాకుండా, ఆమెకు ఆమెదైన పని అప్పగించండి: దేవుడి మందిరం అమర్చడం, వంటింట్లో ఏ అర ఏ సరుకుకో తేల్చడం, బుధవారం 2 గంటల 30 నిమిషాలకల్లా ఇంటి తలుపు తీసి, నేల తుడిపించి సిద్ధంగా ఉంచడం. ఆమె మందులు, కళ్లజోడు, ఆమె సంచీ ఆమె దగ్గరే ఉంటాయి. పెద్దవాళ్లను ఇల్లు మార్చేటప్పుడు వాళ్లకు కూడా ఒక తెగిన వేరు బాధ ఉంటుందని మీకు తెలుసు. చేతిలో పని ఉంటే అది కొంత తగ్గుతుంది.

బుధవారం ఒంగోలులో మీరు ఇంట్లో, మీ వారు లారీ దగ్గర. హమాలీలతో మాట్లాడేది మీ వారొక్కరే కావాలి. ఇద్దరు ముగ్గురు తలొక మాట చెబితే మనుషులు చేయి దించుకుని నిలబడతారు. మీరు పైన ఉండి గదులను ఒక్కొక్కటిగా ఖాళీ చేయించుకుంటూ రండి. ఒక గది పూర్తయ్యాక అటకలు, తలుపుల వెనక, బాత్‌రూము అలమర చూసి ఆ తలుపు గొళ్లెం పెట్టేయండి, మళ్లీ తెరవకండి. లారీలో ముందు బీరువాలు, ఫ్రిజ్జు వంటి పెద్దవి కేబిను వైపు, ఆ తరువాత పెట్టెలు ఎక్కాలి; మంచాలు, పరుపులు, బకెట్లు చివరన ఎక్కాలి, ఎందుకంటే అక్కడ ముందు దిగవలసినవి అవే. తాడు కట్టాక మీ వారు డ్రైవరు పక్కన కూర్చుని లారీలోనే బయలుదేరడం మంచిది. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపండ్ల బుట్టలు చూసి ఎవరికైనా ఆగాలనిపిస్తుంది, ఆ రోజుకు మాత్రం వద్దనండి. నగలు, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకాలు, రాత్రికి కావలసిన సంచీ తీసుకుని మీరూ అబ్బాయీ కారులో వెళ్లి, వేదాయపాలెంలో భోంచేసి, లారీ కన్నా ముందు ఇంటికి చేరండి.

పాత ఇంటి యజమానితో లెక్కలు బుధవారానికి ఉంచుకోవద్దు. మంగళవారం సాయంత్రం ఆయనను పిలిచి ఇల్లు చూపించి, మేకుల రంధ్రాలు, రంగు సంగతి అక్కడే మాట్లాడేసుకోండి. కరెంటు మీటరు అంకెలు కనబడేలా ఫొటో తీసి ఆయనకు పంపండి. మీరు వెళ్లాక వచ్చే మే నెల బిల్లును ఆ అంకెల ప్రకారం అడ్వాన్సులో తగ్గించుకోమనవచ్చు. కొత్త ఇంటి మీటరును కూడా ఆదివారమే ఫొటో తీయండి. ప్రకాశం జిల్లా విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్ కింద, నెల్లూరు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కింద ఉన్నాయి కాబట్టి ఫోనులో బిల్లు కట్టే చోట సంస్థ పేరు కూడా మార్చుకోవలసి ఉంటుంది. లారీ వెళ్లాక ఇల్లు ఊడ్పించి, తాళంచెవులు యజమాని చేతిలో పెట్టే పని మీ తమ్ముడిది. దానికోసం మీరు ఆగవద్దు.

ప్యాకర్ల గురించి అడిగారు. మీ ఇద్దరికీ సర్దడానికి వ్యవధి బొత్తిగా లేకపోతే పెట్టుకోండి. లేదంటే ఇంత దూరానికి, ఇంత సామానుకు తెలిసిన లారీ, తెలిసిన ముఠా చాలు. ప్యాకర్లకు ఇచ్చినా పెట్టెల మీద గది పేరు రాయించడం, వస్తువుల జాబితా మీద సంతకం తీసుకోవడం, పగిలితే ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోవడం, మొత్తం డబ్బు ముందే ఇవ్వకపోవడం మీ బాధ్యతే. వాళ్లు వచ్చినంత మాత్రాన ఆ రోజు ప్రశ్నలు తగ్గవు.

ఆ రాత్రికే ఇల్లు సర్దాలా అన్న ప్రశ్నకు నా జవాబు వద్దనే. రాత్రి 8 గంటలకు నాలుగు పనులు అయి ఉంటే చాలు: మంచాలు బిగించి పరుపులు వేయడం, బాత్‌రూములో బకెట్టు, మగ్గు, సబ్బు, తువ్వాళ్లు పెట్టడం, ఫోను ఛార్జర్లు, మందులు ఒక బల్ల మీదికి చేరడం, దోమతెరలు కట్టడం. నెల్లూరు దోమల సంగతి మీ ఆడబిడ్డ మీకు చెప్పే ఉంటుంది. తెరలు ఏ పెట్టెలోనో అడుగున ఉంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు, అందుకే అవి రాత్రి సంచిలో ఉండాలి. ఫ్రిజ్జు దించిన వెంటనే మీట వేయకండి. ప్రయాణంలో కదిలిన కంప్రెసరు నూనె కిందికి చేరుకోవడానికి కనీసం నాలుగు గంటలు నిలువుగా వదిలి, పడుకోబోయే ముందు వేయండి.

గురువారం ఉదయం మీ వారు బదిలీ పత్రంతో గ్యాసు ఏజెన్సీకి వెళ్తారు, మీరూ అత్తగారూ వంటింటి పెట్టెలు మాత్రం విప్పుతారు. తక్కిన పెట్టెలు వాటి గదుల్లోనే గోడవారగా ఉండనివ్వండి. బడులు తెరవడానికి ఇంకా రోజులున్నాయి, రోజుకు రెండు మూడు చొప్పున విప్పుకున్నా ఆ లోపల అయిపోతాయి. మీరు ముందుగా ఇవాళే చేయవలసింది మాత్రం పురోహితునికి ఫోను చేసి ఆదివారం సంగతి అడగడం.